పాత బజారుకు తెగిన దారులు మళ్లీ కలపడం ఎలా? చాందా కోటగోడ లోపలి పేటల కోసం

మహారాష్ట్ర సరిహద్దులో మన తెలుగువాళ్లున్న ఏ ఊళ్లోనైనా పాత బజారుకు వెళ్లి దుకాణాదారును కదిపితే ఒకటే మాట: గిరాకీ పడిపోయింది. ఆన్‌లైన్ వచ్చిందంటారు, మాల్స్ వచ్చాయంటారు. అవీ నిజమే, కానీ వాటిని మనం ఆపలేం. మన చేతిలో ఉన్న కారణం ఇంకొకటుంది. పాత బజారుకు చేరుకోవడమే కష్టమైపోయింది. నడిచి వచ్చే దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. మిగిలిన ఒకటి రెండింటి మీద బండ్లన్నీ వచ్చి పడ్డాయి. ఆ దారుల్ని మళ్లీ కలపడానికి ఒక పేటలో పదిమంది కలిసి ఏం చేయగలరో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు చంద్రపూర్ తీసుకున్నాను, దాని పాత పేరే చాందా. బల్లార్‌పూర్, రాజురా, వణి, కిన్వట్, ధర్మాబాద్, సిరొంచ, ఎక్కడైనా పద్ధతి ఇదే.

చంద్రపూర్‌ను ఎందుకు తీసుకున్నానంటే, తెగిన దారుల సమస్య ఇక్కడ కంటికి కనిపిస్తుంది. గోండు రాజులు కట్టించిన సుమారు 11 కిలోమీటర్ల కోటగోడ ఇంకా నిలిచే ఉంది. దానికి జట్పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్బా అని నాలుగు పెద్ద గేట్లు, వాటి మధ్య మనుషులు నడిచి వెళ్లేందుకు కిడికీలనే చిన్న ద్వారాలు. కొత్త ఊరంతా గోడ బయటే పెరిగింది. బస్టాండు, కలెక్టరాఫీసు, కొత్త కాలనీలు అన్నీ అటే. గోల్ బజార్, గాంధీ చౌక్, పాత ఇళ్లు లోపల ఉన్నాయి. ఈ రెంటి మధ్య రాకపోకల బరువు ఎక్కువగా జట్పురా గేటు మీదే పడుతుంది. సాయంత్రం పూట ఆ గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

గేటు పక్కన గోడకు కొత్తదారి తెరవాలనో, లోపలి రోడ్లు వెడల్పు చేయాలనో మాట తరచూ వినిపిస్తుంటుంది. నేను దానితో ఏకీభవించను. రోడ్డు వెడల్పు చేస్తే ఇళ్ల ముందరి అరుగులు పోతాయి, దుకాణాల ముందు భాగం పోతుంది, కొన్నాళ్లకే ఆ ఖాళీ కూడా బండ్లతో నిండుతుంది. మనకు కావాల్సింది ఇంకో పెద్ద దారి కాదు. బోలెడన్ని చిన్న దారులు కావాలి, అవి ఒకదానితో ఒకటి కలవాలి. ఐక్యరాజ్యసమితి నివాస విభాగం ఊళ్లకు చెప్పే కొలత కూడా ఇదే అర్థంలో ఉంటుంది: చదరపు కిలోమీటరుకు 80 నుంచి 120 కూడళ్లు ఉండాలని. పాత పేటల్లో కాగితం మీద అన్ని కూడళ్లూ దొరుకుతాయి. వాటిలో నడవగలిగేవి ఎన్ని అన్నదే ప్రశ్న.

హద్దు గీసుకోండి, నడవండి

మొత్తం పాత ఊరును భుజాన వేసుకోకండి. ఒక చౌక్‌ను మధ్యలో పెట్టుకుని చుట్టూ 400 మీటర్ల హద్దు గీయండి. మామూలు మనిషి ఐదారు నిమిషాల్లో నడిచే దూరమది. ఆ మేరకు మ్యాపును ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకుని జిరాక్సు షాపులో పెద్ద కాగితం మీద నాలుగైదు కాపీలు వేయించండి.

నడిచే గుంపులో అందరూ మీ వయసువాళ్లే ఉండకూడదు. ఒక దుకాణాదారు, స్కూలు టీచరు, చంకన పిల్లతో తిరిగే తల్లి, కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన, వీలైతే వీల్‌చెయిర్ వాడే మనిషి ఉండాలి. మీకు కనబడని అడ్డం వాళ్లకు కనబడుతుంది. ఒకే దారిని కూరగాయలు దిగే పొద్దుటి పూట, స్కూలు వదిలే వేళ, రాత్రి ఏడు దాటాక చూడండి. మే నెల మధ్యాహ్నం ఒకసారి, జులైలో వాన కురిసిన మర్నాడు ఒకసారి చూడకపోతే మాత్రం మీ మ్యాపు సగం అబద్ధమే. ఎండాకాలంలో 45 డిగ్రీలు మామూలైన ఊరిది. డిసెంబరులో హాయిగా అనిపించిన దారి మేలో ఎవరూ తొక్కని దారి అవుతుంది.

మ్యాపు మీద గుర్తు పెట్టాల్సినవి: అవతలి కొస మూసేసిన సందు, తాళం వేసిన గేటు, మూత లేని మోరీ, దీపం లేని మలుపు, చెత్తకుప్ప, ట్రాన్స్‌ఫార్మర్, రోజంతా కదలని పార్కింగ్. ఒక్కో రకానికి ఒక్కో రంగు పెన్ను వాడండి.

ఒక చిన్న ద్వారం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. కమాను ఎత్తు, వెడల్పు టేపుతో కొలవండి. చేతిసైకిల్ పడుతుందా, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా వస్తే పట్టుతారా చూడండి. తర్వాత వంగి గడప చూడండి. పాతది తవ్వకుండా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే మట్టం పెరిగి గడప పల్లంలో పడిపోతుంది. వాననీళ్లన్నీ అక్కడికే చేరతాయి. నీళ్లు నిలిచిన చోట జనం నడవరు, జనం నడవని చోట చెత్త పడుతుంది, చెత్త పడ్డాక ఆడవాళ్లు ఆ వైపే చూడరు. దారి మూసుకుపోయిందని మనం అనుకునే చాలాచోట్ల ఎవరూ గోడ కట్టలేదు. నాలుగు అంగుళాల మట్టం తేడాతో మొదలై అక్కడిదాకా వచ్చింది. అంటే దాన్ని సరిచేయడానికి కోట్లు అక్కర్లేదు. ఆ మాట అధికారులకు చూపించాలంటే కొలత, ఫోటో రెండూ మీ చేతిలో ఉండాలి.

చుట్టుదారి లెక్క కట్టండి

ఇది మొత్తం పనికి ప్రాణం. మీ హద్దులో జనం రోజూ వెళ్లే ఓ పది చోట్లు రాసుకోండి: స్కూలు, రేషన్ దుకాణం, గుడి, మసీదు, దవాఖానా, ఆటోస్టాండు, కూరగాయల బజారు. రెండేసి చోట్ల మధ్య మ్యాపు మీద నేరుగా ఎంత దూరమో కొలవండి. తర్వాత నిజంగా నడిచి ఎంత దూరమో ఫోన్లో చూడండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి.

జవాబు 1.3 లోపు వస్తే ఆ దారి బాగున్నట్టే. 1.5 దాటితే మధ్యలో ఏదో తెగింది. ఉదాహరణకు 250 మీటర్ల దూరానికి 750 మీటర్లు నడవాల్సి వస్తే లెక్క 3. అలాంటి చోటికి ఎవరైనా బండి తీస్తారు. ఆ బండి మళ్లీ ఆ పెద్ద గేటు దగ్గరికే వచ్చి ఇరుక్కుంటుంది. ట్రాఫిక్ జామ్‌కు మూలం చాలాసార్లు ఇక్కడ, తెగిన సందులో ఉంటుంది.

పది జంటల లెక్క ఒక పట్టికగా రాస్తే మూడు నాలుగు చోట్ల అంకె పెద్దదిగా కనబడుతుంది. మీరు పని చేయాల్సింది అక్కడే. మిగతావి ఇప్పటికి వదిలేయండి.

అక్కడ బతికేవాళ్లను అడగండి

అంకెలు ఎక్కడ తెగిందో చెబుతాయి, ఎందుకు తెగిందో చెప్పవు. దానికి మనుషుల్ని అడగాలి. ఎలా అడుగుతారన్నదే ముఖ్యం. "మీ సమస్యలేమిటి?" అంటే అందరూ నీళ్లు, కరెంటు అంటారు. "పొద్దున ఇంటి నుంచి ఇక్కడిదాకా ఏ దారిన వచ్చారు? ముందు ఏ దారిన వచ్చేవారు?" అని అడగండి. బజారులో పూలమ్మే ఒక పెద్దమ్మను ఇలా అడిగితే వచ్చిన జవాబు: "ముందైతే గా సందుల నుంచే వచ్చేదాన్ని బిడ్డా. లైటు పోయినంక భయమైతుంది. ఇప్పుడు సుట్టు తిరిగి ఆటోల వస్తున్న." పోయిన ఒక్క వీధిదీపం ఆమెకు రోజూ ఆటో ఖర్చు తెచ్చిపెట్టింది. ఈ మాట మీ అర్జీలో యథాతథంగా రాయండి.

సందు మూసినవాళ్ల దగ్గరికి కూడా వెళ్లండి, కోపంతో కాకుండా. దొంగతనం జరిగిందనో, రాత్రిళ్లు తాగేవాళ్లు కూర్చుంటున్నారనో గేటు పెట్టి ఉంటారు. వాళ్ల భయానికి జవాబు లేకుండా గేటు తీయమంటే తీయరు. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరవండి, రెండు లైట్లు మేము వేయిస్తాం అంటే ఒప్పుకునే అవకాశం ఉంది.

భాష మాట కూడా చెప్పాలి. కోట లోపల మరాఠీ, హిందీ, ఉర్దూ, గోండి, తెలుగు అన్నీ వినిపిస్తాయి. మన గుంపులో తెలుగువాళ్లమే ఉండి, తెలుగువాళ్ల ఇళ్లకే వెళ్తే ఈ పని మన కులసంఘం పనిలా మిగిలిపోతుంది. మీటింగు మరాఠీలో పెట్టండి. మన పెద్దవాళ్ల పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవాళ్లను ఒకరిని ఉంచండి.

కాగితాలు చేతిలోకి తెచ్చుకోండి

ఇక్కడ చాలామంది విసుగెత్తి వదిలేస్తారు. వదలకండి. కావాల్సినవి మూడే.

మొదటిది అభివృద్ధి ప్రణాళిక మ్యాపు, అందరూ డీపీ అంటారు. మహారాష్ట్రలో 1966 నాటి ప్రాంతీయ, పట్టణ ప్రణాళిక చట్టం ప్రకారం తయారవుతుంది. మీ సందు అందులో ప్రజల దారిగా ఉందా, ఎవరి సొంత స్థలమా అన్నది అక్కడ తేలుతుంది. ప్రజల దారి అయితే మీ బలం పదిరెట్లు పెరుగుతుంది.

రెండోది ఆ దారి మీద ఇప్పటిదాకా ఏ పనులు మంజూరయ్యాయో, ఎంత ఖర్చయిందో చెప్పే కాగితం. దీనికి 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపు అతికిస్తే చాలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మహారాష్ట్ర నియమాల్లో ఒక మెలిక ఉంది: దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. మోరీ గురించి ఒకటి, దీపాల గురించి ఒకటి, విడివిడిగా పెట్టండి.

మూడోది పురావస్తు శాఖ అనుమతి. చంద్రపూర్ కోటగోడ, గేట్లు, కిడికీలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010లో సవరించిన ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధం. అక్కడ కొత్త నిర్మాణం కుదరదు, మరమ్మతులకు కూడా అనుమతి కావాలి. ఆపై 200 మీటర్లలో ఏది కట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. అంటే గోడ పక్క సందులో మీరు బెంచీ పాతాలన్నా, మోరీ తవ్వాలన్నా ఏ అనుమతి కావాలో, అర్జీ ఎవరికివ్వాలో ముందు పురావస్తు శాఖ నాగ్‌పూర్ సర్కిల్ ఆఫీసులో కనుక్కోండి. గోడకు మేకు కొట్టడం, రంగు పూయడం అసలు తలపెట్టకండి, నేరమవుతుంది. దీన్ని అడ్డంకిగా చూడొద్దని నా మనవి. గోడను కాపాడే చట్టమే మన పాత పేటను బుల్డోజర్ నుంచి కూడా కాపాడుతోంది. ఎకో-ప్రో సంస్థ కార్యకర్తలు 2017లో నెలల తరబడి ఈ గోడ మీద మొలిచిన చెట్లూ పొదలూ తొలగించి శుభ్రం చేశారు. ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పేదాకా వెళ్లింది ఆ పని. అనుమతితో, ఓపికతో పౌరులు ఎంత చేయగలరో ఈ ఊళ్లోనే రుజువైంది.

దారిని ఎలా తీర్చాలి

ఎంచుకున్న మూడు నాలుగు దారులకు ఇప్పుడు రూపం ఇవ్వాలి. ఇంజినీరును పిలిచేముందు మీకంటూ ఒక అవగాహన ఉండాలి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం ఇచ్చిన 103వ నంబరు మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికే ఖాళీగా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. రెండు వీల్‌చెయిర్లు పక్కపక్కన పోగల వెడల్పది. దుకాణాల బజారులో 2.5 మీటర్లు. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మన బజార్లలో ఫుట్‌పాత్ మోకాలెత్తు కడతారు, ప్రతి దుకాణం ముందు తెంపుతారు. ఎక్కలేక, దిగలేక జనం రోడ్డు మీదే నడుస్తారు. తక్కువ ఎత్తు, తెగకుండా సాగడం, ఈ రెండూ గట్టిగా పట్టుబట్టి అడగండి.

ఏడెనిమిది మీటర్లు కూడా లేని సందుల్లో ఫుట్‌పాత్ కట్టమనడం తెలివి కాదు. అక్కడ దారి మొత్తం ఒకే మట్టంగా ఉంచి, బండ్లు మెల్లగా పోయేలా చేయాలి. మలుపులు ఇరుకుగా ఉంటే బండి వేగం దానంతటదే తగ్గుతుంది, వాటిని గుండ్రంగా కోసి వెడల్పు చేయనివ్వకండి. మనుషులు, బండ్లు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటనివ్వకూడదని 2020 స్టాక్‌హోమ్ ప్రకటనలో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. అయితే అంబులెన్సు, ఫైరింజన్ పోయేందుకు ఎప్పుడూ ఖాళీగా ఉండే మేర తప్పనిసరిగా విడిచిపెట్టాలి. ఈ విషయం అగ్నిమాపక కేంద్రంలో ముందే మాట్లాడి, వాళ్ల బండి వెడల్పు కొలిచి రాసుకోండి. లేకపోతే చివర్లో వాళ్ల అభ్యంతరం దగ్గర పని ఆగిపోతుంది.

నీడ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, మన వైపు ఊళ్లకు అదే ప్రాణావసరం కనుక. ఉత్తర దక్షిణాలుగా సాగే బజారు రోడ్డులో మధ్యాహ్నం దాటాక ఎండ పడమటి నుంచి వస్తుంది, కాబట్టి పడమటి వైపు ఇళ్ల నీడ ఆ వైపు ఫుట్‌పాత్ మీదే పడుతుంది. డబ్బు ఒక వైపుకే సరిపోతే పడమటి వైపు వెడల్పు చేయించండి. తూర్పు వైపు చెట్లు పెట్టండి. వేప, కానుగ ఈ నేలకు, ఈ ఎండకు తట్టుకుంటాయి. రావి, మర్రి కోటగోడ దగ్గర వద్దు, వాటి వేళ్లు రాళ్లను చీల్చేస్తాయి. చెట్టు మొదట్లో సిమెంటు పోసేయకుండా కనీసం మీటరు మేర మట్టి వదలమని కాంట్రాక్టరుకు కాగితం మీద రాసివ్వండి. చెట్లు ఎదిగేలోపు దుకాణాల పైన ఆకుపచ్చ నెట్లు ఒకే ఎత్తులో కట్టుకుంటే నడిచేవాళ్లకు వరుసగా నీడ దొరుకుతుంది.

దీపాలు ఎత్తైన స్తంభాల మీద రోడ్డు మధ్యకు వెలుగు చిమ్మేవి కాకుండా, ఇళ్ల గోడల ఎత్తులో నడిచే మనిషి ముఖం కనబడేలా ఉండాలి. కూర్చోవడానికి ప్రతి 100 మీటర్లకో అరుగు. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఒకటి హద్దులో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. అది లేని బజారులో ఆడవాళ్లు అరగంట మించి ఉండరు, ఇంటి కొనుగోళ్లలో చాలావరకు చేసేది వాళ్లే.

బోర్డుల సంగతి. చైత్రంలో మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి, నాందేడ్ వైపు నుంచి వేలమంది వస్తారు. వాళ్లలో చాలామంది తెలుగు మాత్రమే చదవగలరు. గుడి అంచలేశ్వర్ గేటు బయట ఉంది. లోపలి దారి తెలిస్తే వాళ్లు పాత బజారు మీదుగా నడిచి వెళ్తారు, అక్కడే కొంటారు, తింటారు. దారి చూపే బోర్డుల మీద మరాఠీ కింద తెలుగు వరుస కూడా అడగండి. మరాఠీతోపాటు ఇంకో భాష రాయడంలో చట్టవిరుద్ధమేమీ లేదని అకోలా జిల్లా పాతూర్ మునిసిపల్ ఆఫీసు నేమ్‌బోర్డు కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. అది ఉర్దూ గురించిన కేసు, కానీ మన కోరికకూ అండగా చూపించవచ్చు.

తోపుడు బండ్లను తోసేయకండి

ఫుట్‌పాత్ ఖాళీ చేయాలనగానే మొదట గుర్తొచ్చేది బండ్లవాళ్లను లేపేయడం. దయచేసి ఆ దారి పట్టకండి. రాత్రి తొమ్మిదింటికి సందులో దీపం వెలిగించి కూర్చునేది అరటిపళ్ల బండివాడే. వాళ్లున్నచోట ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు.

2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు హక్కులిచ్చింది. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. లేపాల్సి వస్తే 30 రోజుల నోటీసివ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నిక ద్వారా రావాలి, అందులో మూడోవంతు ఆడవాళ్లు. జనాభాలో 2.5 శాతం మేరకు వ్యాపారులకు చోటు చూపాలి. 2011 లెక్కల్లో చంద్రపూర్ జనాభా సుమారు 3 లక్షల 20 వేలు, అంటే దాదాపు 8 వేలమందికి చోటు. మీ మ్యాపులో వాళ్ల చోట్లు ముందే గీయండి: నడిచే మేర వదిలి, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఒక్కో బండి. గీసేటప్పుడు వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకోండి. ఎండ ఏ వేళకు ఎటు తిరుగుతుందో వాళ్లకు తెలిసినంత ఏ ఆర్కిటెక్టుకూ తెలియదు.

ముందు సుద్దతో, కుండీలతో చేసి చూపండి

సిమెంటు పోసేముందు ఒక వారం నమూనా పెట్టండి. నవంబరు, ఫిబ్రవరి మధ్య అయితే ఎండ బాధ ఉండదు. పండగ రద్దీ రోజులు మాత్రం వద్దు. మహానగరపాలికకు, ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, తేదీలు ఖరారు చేసుకోండి. సుద్దతో, ముగ్గుపిండితో ఫుట్‌పాత్ హద్దు గీయండి. బరువైన కుండీలు, ట్రాఫిక్ కోన్లు హద్దుగా పెట్టండి. పార్కింగ్‌కు దగ్గర్లో ఏదైనా ఖాళీ స్కూలు మైదానం మాట్లాడండి. పాత గోడ దగ్గర తవ్వకం, మేకులు ఏవీ లేకపోయినా పురావస్తు శాఖవాళ్లకు సమాచారం ఇవ్వండి.

దుకాణాదారులకు టెన్షన్ ఉంటుంది, బండి ఆగకపోతే గిరాకీ రాదని. అది న్యాయమైన భయమే, వాదించి గెలవొద్దు. నమూనాకు ముందు వారం, నమూనా వారం, వాళ్ల రోజు బేరాలు వాళ్లే ఒక చీటీలో రాసిపెట్టుకోమనండి, పేరు అక్కర్లేదు. మీరు నడిచేవాళ్లను లెక్కపెట్టండి: ఒక చోట నిలబడి ప్రతి గంటలో 15 నిమిషాలు లెక్కించి నాలుగుతో గుణిస్తే సరిపోతుంది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు వేరుగా రాయండి. ముసలివాళ్ల అంకె పెరిగిందంటే దారి నిజంగా బాగైందని అర్థం.

పుణెలో లక్ష్మీ రోడ్డు మీద 2021 డిసెంబరు 11న ఇలాగే బండ్లు ఆపి పాదచారుల దినం జరిపారు, ఆ తర్వాత అది ఏటేటా నడుస్తోంది. చెన్నైలో పాండీ బజార్‌ను 2019లో శాశ్వతంగానే విశాలమైన ఫుట్‌పాత్‌లతో తీర్చిదిద్దారు. బేరాలు పోతాయన్న భయం అక్కడా ఉండేది. మీ కార్పొరేటర్‌కు, వర్తక సంఘానికి ఈ రెండింటి ఫోటోలు చూపించండి.

డబ్బు, అర్జీ

చిన్న పనులు, అంటే దీపాలు, మోరీ మూతలు, మట్టం సరిచేయడం, మీ నగర్‌సేవక్ (కార్పొరేటర్) వార్డు నిధిలోనే అయిపోతాయి. పెద్దవాటికి ఎమ్మెల్యే నిధి, జిల్లా ప్రణాళిక కమిటీ ఉన్నాయి. చంద్రపూర్ బొగ్గు గనుల జిల్లా కాబట్టి ఇంకో దారీ ఉంది. 2015 నుంచి గనుల కంపెనీలు జిల్లా ఖనిజ నిధికి డబ్బు కట్టాలి. అందులో కొంత భాగం రోడ్లలాంటి సౌకర్యాలకు వాడొచ్చు. అర్జీలో మీ పేట గనుల ప్రభావిత ప్రాంతంలోకి వస్తుందో లేదో ముందు కనుక్కుని రాయండి.

ప్రతి నెలా మొదటి సోమవారం అధికారులు జనం ఫిర్యాదులు వినే లోక్‌శాహీ దిన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, కానీ 15 రోజుల ముందే అర్జీ చేరాలి. పైగా ఫిర్యాదు వ్యక్తిగతమైనదై ఉండాలి. సంఘం పేరున ఒక పెద్ద అర్జీ ఇస్తే పక్కన పెట్టేస్తారు. పది ఇళ్లవాళ్లు ఎవరి ఇంటి ముందరి మోరీ గురించి వాళ్లు పది అర్జీలివ్వండి. 3 లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 74వ సవరణ చెబుతోంది, మీ పని అక్కడి అజెండాలోకి కూడా ఎక్కించండి.

పని అయ్యాక

ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021లో పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు ఆపారు. దారి అందంగా తయారైంది. కాపలా సడలగానే బండ్లు మళ్లీ దూరాయి. మీ సందుకు ఆ గతి పట్టకూడదంటే ప్రారంభోత్సవం రోజే ఒక కాగితం మీద పేర్లు రాసి అతికించండి: దీపం పోతే ఎవరు ఫోన్ చేయాలి, కుండీలకు నీళ్లు ఎవరివంతు, గేటు తాళం ఎవరి దగ్గర. కొత్త పైపులైను కోసం ఎవరైనా తవ్వడానికొస్తే పూడ్చే గడువు రాయించుకోకుండా తవ్వనివ్వకండి.

మొదటి వానాకాలం దాటగానే టేపు తీసుకుని ఆ చిన్న ద్వారం గడప దగ్గర మట్టం మళ్లీ కొలవండి. చుట్టుదారి లెక్క కూడా అవే పది జంటల మధ్య మళ్లీ కట్టండి. 3 ఉన్నది 1.4కి దిగితే ఆ పట్టిక జిరాక్సులు తీసి, గోడ అవతలి పక్క పేటవాళ్లకు ఇవ్వండి.